పిట్ట జాడీ, రంగుల డబ్బా

మా ఇంట్లో మా నాన్న కంటే ఎక్కువ మర్యాద అందుకున్నది ఒక జాడీ. ఈ మాట నాన్నే అనేవాడు. ఫిర్యాదుగా కాదు, సమాచారంగా. ఆయన స్నానం చేయకుండా వంటింట్లోకి వస్తే అమ్మ ఏమీ అనేది కాదు. స్నానం చేయకుండా జాడీ పక్కగా నడిస్తే మాత్రం ఒక చూపు చూసేది. ఆ చూపుకి నాన్న ఎక్కడివాడక్కడ ఆగిపోయి, వచ్చిన పనేమిటో మరిచిపోయి, వెనక్కి వెళ్ళిపోయేవాడు. దాన్ని తడి చేత్తో ముట్టుకోకూడదు. దాని ఎదురుగా తుమ్మకూడదు. దాని మూతి మీద కట్టిన వాసెన గుడ్డ ముడి అమ్మ తప్ప ఇంకెవరూ విప్పకూడదు. మా చెల్లెలి పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని షరతులు లేవు.

అది బజార్లో దొరికే, పైన గోధుమరంగూ కింద తెలుపూ ఉండే మామూలు జాడీ కాదు. ఒళ్ళంతా బూడిదరంగు. చంటిపిల్లను లోపల కూర్చోబెట్టేంత పెద్దది. అటూ ఇటూ రెండు చెవుల్లా పిడులు. చేత్తో తడిమితే కమలాపండు తొక్క తగిలినట్టు గరుకుగా ఉంటుంది. పొట్ట మీద నీలిరంగుతో ఒక పిట్ట బొమ్మ. కొమ్మ మీద కూర్చుని, తనని ఎవరో పిలిచినట్టు మెడ వెనక్కి తిప్పి చూస్తూ ఉంటుంది. పిట్టకు పైన, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో గీరినట్టు, ఇంగ్లీషు అంకెల్లో నాలుగు.

ఇంట్లో దాని పేరు పిట్ట జాడీ. అది ఏ పిట్టో మాత్రం తేలలేదు. నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ చిలక అంది. అమ్మ కోడిపెట్ట అంటుంది. నాన్న, ఎవరూ అడగకపోయినా, కాకి అంటాడు. నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో చరిత్ర పి.జి. చేసి వచ్చాక ఈ విషయంలో నా అభిప్రాయం అడుగుతారేమోనని కొంతకాలం ఎదురుచూశాను. అడగలేదు.

జాడీ మా ఇంటికి వచ్చిన కథ చిన్నదే. నాన్నకు నాన్నమ్మ అయిన ఆవిడ మిషను బంగళాకి పాలు పోసేదట. అక్కడున్న అమెరికా దొరసాని తన దేశం వెళ్ళిపోతూ సామాన్లు తెలిసినవాళ్ళకు పంచిపెట్టింది. మా పక్కింటివాళ్ళు అప్పటికే బాప్టిస్టు చర్చివాళ్ళు. వాళ్ళకు గోడ గడియారం, ఊగే కుర్చీ వచ్చాయి. పాలు పోసిన చేతికి జాడీ వచ్చింది. గడియారం ఆగిపోయింది. కుర్చీ ఎవరో ఊగకూడనంతగా ఊగడంతో విరిగింది. జాడీ మాత్రం ప్రతి వేసవిలోనూ కడుపు నింపుకుంటూ కూర్చుంది.

అయితే ముత్తవ్వ కాలం నుంచీ మా ఇంట్లో ఒక అనుమానం ఉండేది. జాడీ మీద నాలుగు అని ఉందంటే ఒకటి, రెండు, మూడు ఎక్కడో ఉండాలి కదా? దొరసాని ఇచ్చిన సామానంతా మోసింది పక్కింటివాళ్ళే. కాబట్టి ఆ మూడూ వాళ్ళ అటక మీదే ఉన్నాయి. మేము వాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్ళాం, మా కష్టాలకు వాళ్ళు నిలబడ్డారు, వాళ్ళ క్రిస్మస్ కేకు మేము తిన్నాం, మా ఇంటి వినాయక చవితి ఉండ్రాళ్ళు వాళ్ళు తిన్నారు. ఈ స్నేహమంతా నిజమే. కాని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా వాళ్ళ కళ్ళు ఒకసారి అటక వైపు పోయి రావడం కూడా అంతే నిజం.

ఇక అమ్మ ఆవకాయ గురించి. మా వీధిలో దాని పేరు చెబితే జ్వరం వచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. ఇది నేను కొడుకుగా చెబుతున్న మాట కాదు, వేసవి అయ్యాక మా గుమ్మంలో కనబడే చిన్న గిన్నెల సాక్షిగా చెబుతున్న మాట. వేవిళ్ళవాళ్ళకు, పరీక్షలు రాసేవాళ్ళకు, నోరు చేదెక్కినవాళ్ళకు, దేనికైనా "మీ అమ్మనడిగి కొంచెం ఆవకాయి పట్రా" అని కబురొస్తుంది. అమ్మ పైకి విసుక్కుంటుంది. కబురు రాని వారంలో ఇంకా ఎక్కువ విసుక్కుంటుంది.

ఈ మధ్య ఒక ఏడాది, మామిడి పిందెలు రాలుతున్న రోజుల్లో, పక్కింటి మావ మా ఇంటికి వచ్చాడు. మావ అంటే చుట్టరికం కాదు, వరస. రిటైరైన హెడ్మాస్టారు, చర్చిలో పెద్ద. వెంట అత్త, అంటే ఆయన భార్య. ఆవిడా అమ్మా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు, ఒకరినొకరు దెప్పుకోవడానికి అంతకంటే అనువైన వరస తెలుగులో లేదు గనక.

చర్చి పక్క గదిలో మిషను కాలం నాటి వస్తువులు పెడుతున్నారట. ఆగిపోయిన గడియారం, విరిగిన కుర్చీ అప్పటికే చేరాయి. 

"సెల్లీ, ఆ జాడీ కూడా ఇచ్చేవనుకో, గాజు పెట్టిలో పెడతాం. కింద మీ ఇంటి పేరు రాయిస్తాం," అన్నాడు మావ.

"గాజు పెట్టిలో పెడితే ఊపిరాడొద్దేటి అన్నయ్యా?" అంది అమ్మ.

"జాడీకి ఊపిరేటి సెల్లీ?"

"జాడీకి కాదు, ఆవకాయికి."

"ఆవకాయి తీసీసే ఇస్తావు కదా."

"ఇది అయిపోతే కొత్తావకాయి వస్తాది. అదయిపోతే మళ్ళీ కొత్తది. ఖాళీ ఎప్పుడున్నాది దానికి?" అని, ఆగి, "మీ అటక మీద వెతికితే అలాంటివి ఉంటాయేమో సూడండి," అంది.

మావకు అర్థం కాలేదు. నాన్న దగ్గాడు. అప్పుడు అత్త టీ గ్లాసు కింద పెట్టి, తీరిగ్గా కొంగుతో మూతి తుడుచుకుని అంది:

"ఇవ్వదులెండి. ఎలగిస్తాది? ఆ జాడీ గుమ్మం దాటితే మా వదిన ఆవకాయి కూడా దాటిపోతాది. సేతిలో ఏటున్నాది? మహిమంతా ఆ దొరసాని జాడీలోనే ఉన్నాది!"

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే టీ గ్లాసులు ఏరి తీసుకుపోయింది. నా చేతిలో సగం ఉన్న గ్లాసు కూడా అందులో పోయింది. మాట లోపలికి దిగిందని నాకు అప్పుడు తెలిసింది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ బియ్యం చేట ముందు పెట్టుకుని కూర్చుని, రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు వెతికింది. చాలాసేపటికి నాన్నను అడిగింది.

"ఏవండీ, ఆ ఏడు నెల్లిమర్లలో మా సెల్లి ఇంటి కాడ ఆవకాయి పెట్టేను కదా. దానికి బూజెందుకు పట్టింది?"

"గరిట తడిదన్నావు కదా నువ్వే," అన్నాడు నాన్న.

"అన్నాను."

"మీ సెల్లి ఏడిసింది కూడాను, గరిట నేను తుడిసేనప్పా అని."

"ఏడిసింది."

పిన్ని ఇంట్లో అమ్మ ఆవకాయ పెట్టింది బజారు జాడీలో. కాయలు అవే, కారం అదే, చెయ్యి అదే. జాడీ వేరు. అంతవరకూ ఆ గరిట మీద పడి ఉన్న నేరం ఇప్పుడు నెమ్మదిగా లేచి అమ్మ చుట్టూ తిరగడం మొదలెట్టింది. జాడీ ఇస్తే, ఆవకాయ పాడైతే, అత్త మాట నిజం. జాడీ ఇవ్వకపోతే, ఇవ్వనందుకే అత్త మాట నిజం. వదినగారు సరదాకి అన్న ఒక్క వాక్యం అమ్మను రెండు వైపులా తలుపులు వేసి మధ్యలో కూర్చోబెట్టింది. చెయ్యా, జాడీయా? ఇన్నేళ్ళ గిన్నెలూ ఎవరి కోసం వచ్చినట్టు?

ఇలాంటి సమయంలో కుటుంబానికి చదువుకున్న కొడుకు అవసరం ఉంటుందని నాకు తోచింది. ఫోన్‌లో జాడీ ఫొటో తీసి వెతికాను. వరస పెట్టి దాని అక్కచెల్లెళ్ళు వచ్చాయి. అదే బూడిదరంగు, అదే గరుకు, అలాంటివే నీలి పిట్టలు. ఇంటిల్లిపాదికీ భోజనాల దగ్గర చెప్పాను: ఇవి అమెరికాలో పాతకాలం పల్లెటూరి కుమ్మరులు చేసినవి. బట్టీ బాగా కాలుతున్నప్పుడు లోపలికి దోసిళ్ళతో ఉప్పు విసిరేవారు. ఆ ఉప్పు ఆవిరై జాడీల మీద కూర్చుని గాజులా కరిగేది, అందుకే ఆ కమలాపండు తొక్క.

"అంటే పుట్టినప్పుడే ఉప్పు తిన్నాదన్నమాట," అంది అమ్మ మెచ్చుకోలుగా.

"పైనున్న నాలుగు అంకె కొలత. నాలుగు గేలన్లు పడుతుందని గుర్తు. ఒకటి, రెండు, మూడు అని వేరేవేమీ లేవు."

దీనికి ఎవరూ సంతోషించలేదు. నాన్న పక్కింటి వైపు గోడ చూశాడు.

"అయితే ఆళ్ళ అటక మీద ఏటీ నేదా?"

"లేదు నాన్నా."

"ఏటీ నేదా?" అని మళ్ళీ అడిగాడు, అప్పీలు చేసుకుంటున్నట్టు. అంతకాలం అనుమానించినవాళ్ళను ఒక్క పూటలో వదిలిపెట్టడం మా కుటుంబానికి అలవాటు లేని పని. నాన్నమ్మ అయితే ఒప్పుకునేది కాదు.

"పిట్ట సంగతేటి?" అంది అమ్మ.

"అదెవరికీ తెలీదు. కుమ్మరులు గబగబా కుంచెతో అలా గీసేసేవారు. అక్కడ పుస్తకాలు రాసినవాళ్ళు కూడా పిట్ట అనే రాస్తున్నారు."

"అంత సదువుకున్నోళ్ళకీ తెలీదేటి! కోడిపెట్టరా అది, తోక సూడు," అంది. "ఒరే, ఆళ్ళు ఇందులో ఏటి పెట్టుకునీవోరు?"

అక్కడ ఆగిపోవలసింది. కాని నాకొక ఆలోచన వచ్చింది. అసలు సంగతి తెలిస్తే అమ్మకు జాడీ మీద మనసు విరిగి, తనంతట తనే పంపించేస్తుందని, గొడవ తీరిపోతుందని.

"ఉప్పులో ఊరేసిన క్యాబేజీ, దోసకాయలు. వెన్న. ఇంకా..."

"ఇంకా?"

"ఉప్పు పట్టించిన పందిమాంసం."

నాన్న నములుతున్న ముద్ద ఎటు పంపాలో తెలియక ఆగిపోయాడు. ఆ పూట పప్పులోకి జాడీ ఆవకాయే. అమ్మ మాత్రం జాడీ వైపు చూసి, చాలా కాలం తరవాత చుట్టాల ఊరు పేరు తెలిసినట్టు తల పంకించింది.

"అయితే ఆళ్ళకీ ఇది ఊరగాయి జాడీయే కదరా. ఆ దొరసాని వాళ్ళమ్మ కూడా, తడి సేత్తో ముట్టుకుంటే మొట్టీది కామోసు."

"పందే అమ్మా," అన్నాను, వినిపించలేదేమోనని.

"విన్నానులే. ఇన్నాళ్ళు నా కారం తిన్నాక ఇంకా పందుంటాదేటి దాన్లో? ఎప్పుడో పారిపోయుంటాది. మీరు తినండి," అని నాన్నకు ఇంకో ముక్క వేసింది. నాన్న తిన్నాడు. మా ఇంట్లో అమ్మ వేసిన ముక్క మీద చర్చ ఉండదు.

నా పరిశోధన ఫలితం ఏమిటంటే, అమ్మకు జాడీ మరింత దగ్గరైంది.

ఇంతలో కాయలు వచ్చేశాయి. కొత్త జాడీ ఒకటి విజయనగరం నుంచి తెస్తానని నాన్న అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "మంచి జాడీ తెస్తే, మంచి జాడీ కొన్నారు గనక బాగొచ్చిందంటాది. దాని నోరు నాకు తెల్దేటి?" అంది. అని పెరట్లోకి వెళ్ళి, ఇంట్లో ఉన్నవాటన్నింటిలోకీ తక్కువజాతి పాత్ర ఏదుందా అని వెతికి, ఒకటి తెచ్చి మా ముందు పెట్టింది.

అది రంగుల డబ్బా. ఇంటికి రంగులేసినప్పుడు మిగిలిన తెల్ల ప్లాస్టిక్ డబ్బా, వైరు పిడిది. మా వైపు అది లేని ఇల్లు ఉండదు. రంగు అయిపోయాక దాని అసలు జీవితం మొదలవుతుంది. మా డబ్బా మొదట స్నానానికి నీళ్ళు పట్టింది, తరవాత సిమెంటు మోసింది, ఆ తరవాత ఉల్లిపాయలు దాచింది. పొట్ట మీద, ఆకుపచ్చ గోడకు ఆనుకుని నవ్వుతున్న ఒక ఆడమనిషి బొమ్మ. ఎండకు ఆవిడ ముఖం సగం వెలిసిపోయింది గాని నవ్వు పోలేదు.

"ఇందులోనా?" అన్నాడు నాన్న.

"ఇందులోనే. ఇందులో నిలబడితే ఎందులోనైనా నిలబడినట్టే."

"ప్లాస్టిక్ మంచిది కాదమ్మా," అన్నాను.

"నీ పి.జి.లో ఇదీ సెప్పేరేటి?" అంది. అంతటితో నా వాదన ముగిసింది.

డబ్బాని కుంకుడు నురుగుతో తోమి, వేడినీళ్ళు పోసి, ఎండలో పడేసి, వాసన చూసి, మళ్ళీ ఎండలో పడేసి, చివరికి పొడిగుడ్డతో తుడిచింది. ఆ ఏడు ఆవకాయ మామూలుగానే కలిపింది. తడిలేని చేతులు, ముడిచిన జుట్టు, మాట్లాడితే నోటి తుంపర పడుతుందని మా అందరికీ మౌనం. కలిపినదాంట్లో సగం పిట్ట జాడీలోకి, సగం రంగుల డబ్బాలోకి ఎత్తింది. రెండింటికీ వాసెన కట్టింది. కొన్నాళ్ళు పోయాక రెండింటిలోదీ అత్తకు చెప్పకుండా తినిపించాలి. ఏది దేనిలోదో ఆవిడ చెప్పలేకపోతే చెయ్యి గెలిచినట్టు. పరీక్ష పద్ధతిగా ఉందని నేను కూడా మెచ్చుకున్నాను.

ఆవకాయ పెట్టిన మూడోనాడు తిరగ కలపాలి. అది తప్పదు. జాడీలో ఉన్నదంతా పెద్ద బేసిన్లోకి ఒంపి, ఉప్పు చూసి, నూనె చూసి, అడుగుది పైకీ పైది అడుక్కీ కలిపి మళ్ళీ ఎత్తిపెట్టాలి. అమ్మ స్నానం చేసి, బేసిన్ ముందు కూర్చుంది. నేను జాడీ ఎత్తి వంచాను. అమ్మ గోకి గోకి ఒంపుకుంది. నాన్న డబ్బా అందించాడు. అదీ ఒంపుకుంది. రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టి, ఎప్పటిలాగే చక్కగా, అడుగుది పైకీ పైది అడుక్కీ కలిపింది. ఒక ముక్క నాలిక మీద వేసుకుని, "ఉప్పు సరిపోయింది," అంది.

"బాగుంది," అన్నాడు నాన్న. "ఇప్పుడిందులో జాడీది ఏది, డబ్బాది ఏది?"

అమ్మ చేతులు బేసిన్లోనే ఆగిపోయాయి. ముగ్గురం ఉన్నాం అక్కడ. అందులో ఒకడు పోస్టుగ్రాడ్యుయేటు. జాడీ వంచుతున్నప్పుడు గాని, డబ్బా అందిస్తున్నప్పుడు గాని ఒక్కరికీ తోచలేదు. పెళ్ళైన నాటి నుంచీ ఒకే బేసిన్లోకి ఒంపుకున్న చేతులు, ఈసారి కూడా వాటికి తెలిసిన పని అవి చేసుకుపోయాయి.

"మళ్ళీ సగం సగం చేసి పెట్టేద్దాం అమ్మా," అన్నాను.

"పెడితే? జాడీలో పడుకుని లేచిన ముక్కలు కదా, దాని గాలి తగిలిందంటాది. ఆ గాలితోనే డబ్బాలోది కూడా బాగుపడిందంటాది." బేసిన్లోకే చూస్తూ అంది. అత్త లేకుండానే అత్త మాటలు అమ్మకు స్పష్టంగా వినిపిస్తున్నాయి. మంచి స్నేహానికి అదే గుర్తు.

కలిపినదంతా జాడీలోకే పోయింది. పట్టనిది పంచేశాం. డబ్బా మళ్ళీ ఖాళీ. అప్పటికి కాయల రోజులు వెళ్ళిపోతున్నాయి. పళ్ళు వచ్చేస్తున్నాయి. నేనూ నాన్నా బైకు మీద గజపతినగరం చుట్టుపక్కల తోటలన్నీ తిరిగి, కాపు ఆఖరున చెట్టుకు మిగిలిపోయిన కాయలు తెచ్చాం. ముదిరిపోయినవి, పీచుతో ఉన్నవి, పులుపు తగ్గుతున్నవి. అమ్మ ఒకటి కోసి చూసి, "ఈటితో పప్పు కూడా వండుకోరు," అంది. కాని పెట్టింది. ఈసారి ఒక్క ముక్క కూడా జాడీ ముఖం చూడలేదు. అంతా రంగుల డబ్బాలోకే. ప్లాస్టిక్ మూత టక్కుమని గట్టిగా పడింది. అయినా దాని మీద మళ్ళీ తెల్లగుడ్డ వేసి, తాడుతో వాసెన కట్టింది. నవ్వుతున్న ఆడమనిషికి తలపాగా చుట్టినట్టుంది.

ఆ వెంటనే వానలు. ఆవకాయకి శత్రువులెవరని అడిగితే, మొదటిది తడి చెయ్యి, రెండోది ముసురు. ఇంట్లో అప్పడాలు మెత్తబడ్డాయి, అగ్గిపుల్లలు మెత్తబడ్డాయి, నాన్న కూడా కొంచెం మెత్తబడ్డాడు. అమ్మ డబ్బా వైపు వీపు పెట్టి కూర్చుని కూరలు తరుక్కునేది. చూస్తే విప్పాలనిపిస్తుందని. ఒక్కోసారి తల వెనక్కి తిప్పి చూసేది, అచ్చం జాడీ మీద పిట్టలా. ఆ మాట నేను అనలేదు. అనడానికి అది సమయం కాదని నాకే తెలిసింది.

డబ్బా విప్పిన రోజు అమ్మ మమ్మల్నెవరినీ దగ్గరకు రానివ్వలేదు. ముడి విప్పి, మూత ఎత్తి, ముందు వాసన చూసింది. తరవాత అంచుల చుట్టూ చూసింది. నూనె పైకి తేలి నిలిచి ఉంది. బూజు లేదు. నాలిక మీద ఇంత రాసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించింది.

"ఎలా ఉంది?" అన్నాడు నాన్న తలుపు వెనక నుంచి.

"నన్నడిగితే ఏటి లాభం? నాది నాకు బాగోదేటి? దాన్ని పిలవండి."

అత్త వచ్చింది. బయట వాన. లోపల వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి. అమ్మ వంటింట్లోంచి చిన్న గిన్నెలో ఆవకాయ తెచ్చి వడ్డించింది. అత్త మొదటి ముద్ద తిని, గబగబా ఇంకోటి కలుపుకుంది. రెండోది తినేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారానికే. 

"కొంచెం పీచున్నాది గాని వదినా, ఈ ఏడు భలేగా పట్టేసింది. ఇంకో ముక్క వెయ్యి."

అమ్మ వేసింది.

"ఆ ఊట కూడా కొంచెం."

అమ్మ ఊట వేసింది. అడిగినన్నిసార్లూ వేసింది. అత్త కంచం ఊడ్చి, వేళ్ళు ఒక్కొక్కటే నాకి, "ఎంతైనా ఆ జాడీ..." అనబోయింది. ఆ మాట కోసమే అమ్మ అంతసేపూ ఆగింది. లోపలికి వెళ్ళి, తలపాగా తీసిన డబ్బాని వైరు పిడి పట్టుకుని మోసుకొచ్చి, అత్త కంచం ముందు ధబ్బున పెట్టింది.

"ఇదే నీ దొరసాని జాడీ. సూసుకో."

అత్త డబ్బా వైపు చూసింది. డబ్బా మీద ఆడమనిషి అత్త వైపు చూసి నవ్వింది. అత్త లోపలికి తొంగి చూసింది. నిజంగా ఆవకాయే. 

"రంగుల డబ్బాలోనా?"

"రంగుల డబ్బాలోనే."

"ఓలమ్మా!" అంది అత్త. ఇక ఓడిపోయినట్టేనని మేమంతా అనుకున్నాం. కాని మా అత్తను మేము తక్కువ అంచనా వేశాం. ఆవిడ చిటికెన వేలు ఇంకోసారి నాకి, తృప్తిగా తల ఊపి, "అయితే మరింకేటి వదినా? నీకా జాడీతో పనేటి? ఇచ్చెయ్!" అంది.

నాన్నకు పొలమారింది. అమ్మ నా వైపు చూసింది. నేను నాన్నకు మంచినీళ్ళు అందించాను.

ఇచ్చేసింది. మాట మీద నిలబడే మనిషి కాబట్టి ఇచ్చింది గాని, ఖాళీగా మాత్రం ఇవ్వనంది. ఒకరింటికి గిన్నె వెళ్ళినా, వాళ్ళింటి నుంచి గిన్నె తిరిగొచ్చినా, అందులో ఏదో ఒకటి ఉండాలి. కనీసం చిటికెడు పంచదారైనా వేస్తారు. "నా జాడీని ఉత్త కడుపుతో అంపించనొరే," అని, అందులో ఉన్నది వీధి గిన్నెలకు పంచేసి, కాస్త తన కోసం దాచుకుని, జాడీని శుభ్రంగా కడిగి ఎండబెట్టింది. చర్చి గది తెరిచే రోజు పొద్దున్నే డబ్బాలో మిగిలిన ఆవకాయ అంతా జాడీలోకి ఒంపి, వాసెన కట్టింది. నెల్లిమర్ల పిన్ని అక్కడి జూటు మిల్లు నుంచి పంపిన గోనెసంచులు చుట్టి, ఆటోలో నా ఒళ్ళో పెట్టారు. నా చదువును చదువుకు సంబంధించిన పనికి వాడుకోవడం మా ఇంట్లో అదే మొదలు.

మావ గాజు పెట్టె తయారుచేయించి ఉంచాడు. జాడీ నిండుగా ఉందని తెలిసి, గాజు సంగతి ఎత్తకుండా, గడియారం దానిలో పెట్టేశాడు. జాడీని బల్ల మీద పెట్టి, పక్కన అట్ట ముక్క నిలబెట్టాడు: అమెరికా దేశపు పాతకాలపు పల్లె కుమ్మరుల పనితనం, ఆహారపదార్థములు నిలువయుంచుటకు. అమ్మ చదివించుకుని, "ఉత్త ఆహారపదార్థాలేటి? ఆవకాయి అని రాయడానికి ఏటి రోగం?" అంది నాకు మాత్రమే వినబడేలా. నిజానికి అందరికీ వినబడింది.

ప్రార్థన అయింది. చర్చి ఆవరణలో భోజనాలు. ఎవరు ముందు అన్నారో తెలీదు గాని, జాడీలో ఏముందన్న ప్రశ్న పంక్తిలో పాకింది. కాసేపటికి మిషను కాలం నాటి వస్తువు బల్ల దిగి భోజనాల దగ్గరకు వచ్చింది. అత్తే గరిట పట్టింది, పొడి గరిట. శ్రీకాకుళం నుంచి పిలిపించిన పెద్దమనిషి ఒకాయన, తెల్లచొక్కా మనిషి, మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు. తరవాత పంక్తి అంతటికీ వినబడేలా ఉపన్యాసం మొదలెట్టాడు.

"ఇదండీ రుచంటే! ఇప్పుడు అందరూ ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టీసి ఆవకాయంటున్నారు. దానికి రుచెక్కడినుంచి వస్తాది? పాతకాలం మట్టి, పాతకాలం బట్టీ! ఈ జాడీ మహిమండీ ఇదంతా!"

చాలామంది తలలూపారు. అమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని ఆయన పక్కనే నిలబడి ఉంది. ముఖం మీద నవ్వు ఉంది గాని, లోపల మనిషి లేని ఇంటికి దీపం పెట్టినట్టుంది. కాయల కోసం తోటలు తిరిగినదీ, ముసురంతా డబ్బాకు వీపు పెట్టి కూర్చున్నదీ, చివరికి జాడీకే పోయింది. తనే చెప్పుకుందామంటే, తన ఆవకాయని తను పొగుడుకోవడం మా వైపు ఆడవాళ్ళకు చేతకాని పని. 

నేను నోరు తెరవబోయాను. అవసరం లేకపోయింది.

"జాడీ మహిమేటండీ, మీ మొహం!" అంది అత్త, పెద్దమనిషి అని కూడా చూడకుండా, చేతిలో గరిట ఆడిస్తూ. "ఈ ఆవకాయి ప్లాస్టిక్ డబ్బాలోదే. రంగుల డబ్బా! ఈ పొద్దున్నే జాడీలోకి ఒంపి తెచ్చేరు. ముసురంతా డబ్బాలోనే ఉన్నాది. మహిమ జాడీలో నేదు, డబ్బాలో నేదు. అదిగో, మజ్జిగ పట్టుకు నిలబడ్డాది కదా, మా వదిన, ఆవిడ సేతిలో ఉన్నాది. నానే తిని సెప్తన్నాను. ముందు నానూ మీలాగే వాగేను."

పంక్తిలో తలలన్నీ అమ్మ వైపు తిరిగాయి. పెద్దమనిషి చేతిలో ముద్ద నోటికీ విస్తరికీ మధ్య ఆగింది. 

"ఏ... ఏ రంగులండీ?" అన్నాడు చివరికి.

"లోపల గోడలవి," అన్నాడు నాన్న ఓదార్పుగా.

ఆయన కొంచెం ఆలోచించి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క వెయ్యమన్నాడు. పంక్తి మళ్ళీ కదిలింది. అమ్మ మజ్జిగ పొయ్యడం మొదలెట్టింది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. అత్త తినడానికి కూర్చున్నాక, ఆవిడ విస్తట్లో మాత్రం పొంగిపొర్లేలా పోసింది.

సాయంత్రానికి జాడీ అడుగు కనిపించింది. ఖాళీ జాడీని బల్ల మీద పెట్టాలంటే అత్తకు మనసొప్పలేదు. అడుగున గుప్పెడు ఉప్పు వేసి, వాసెన కట్టింది. వచ్చే వేసవికి నువ్వే నింపాలి వదినా అంది. చూద్దాంలే అంది అమ్మ. అప్పటినుంచీ ఏటేటా నింపుతోంది. ఎండ ముదిరితే జాడీ ఒంటి మీద సన్నగా నూనె చెమర్చి, కింద పరిచిన లేసు గుడ్డ మీద మరక పడుతుంది. మావ గుడ్డ మారుస్తూ ఉంటాడు. గడియారం, కుర్చీ చూడ్డానికి ఎవరు వచ్చినా జాడీ దగ్గర నిలబడి గుటక వేసి వెళతారు.

ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ అమ్మ గొణిగింది. "సూసేవా దాన్ని? అంతమంది ముందూ డబ్బా సంగతి బయటపెట్టీసింది. నలుగురూ ఏటనుకుంటారు?" ఇంటికి రాగానే, తన కోసం దాచుకున్న కాస్త ఆవకాయలోంచి గిన్నెడు తీసి, పక్కింటికి ఇచ్చి రమ్మంది.

మర్నాడు వంటింట్లో కిటికీ కింద, ఎండ పడని మూలలో, రంగుల డబ్బా కూర్చుని ఉంది. ఖాళీదే. అయినా పైన తెల్లగుడ్డ, తాడు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, ఇంకా స్నానానికి వెళ్ళకుండా, అగ్గిపెట్టె కోసం ఆ పక్కగా వెళ్ళాడు. అమ్మ చూసింది.

నాన్న ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు.

"దీనిక్కూడానేటి?" అన్నాడు.